ఎర్ర చెప్పుల గుర్తు

అమ్మమ్మ తన ఎర్ర చెప్పులు ఇసుకలో విడిచి, అలల అంచున నడకకు బయలుదేరింది. ఆ తీరం చాలా పొడవు. అమ్మమ్మకేమో దూరపు చూపు సరిగా ఆనదు. అందుకే ఇంటికి వెళ్ళే దారికి ఎదురుగా చెప్పులు వదిలి వెళ్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ ఎరుపే ఆమెకు గుర్తు. ఎవరి తోడూ లేకుండా అలా నడిచి రావడమంటే ఆమెకు ప్రాణం.

ఈ సంగతి వాగుడుకాయకు తెలియనిది కాదు. మనవరాలి మాటల ధాటి చూసి ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పేరది. కానీ ఆ సాయంత్రం దాని ధ్యాసంతా బోర్డులెక్కి అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళ మీదే ఉంది. తన రెండు బొమ్మలకూ సర్ఫింగ్ నేర్పాలనిపించింది. మరి బోర్డులు? ఎదురుగా చెప్పులున్నాయి. కాసేపే కదా అనుకుని, వాటిని దూరంగా ఉన్న నీటి మడుగు దగ్గరకు పట్టుకుపోయింది. ఆటలో పడితే దానికి ఒళ్ళు తెలియదు.

పొద్దు వాలింది. వీళ్ళను వెతుక్కుంటూ అమ్మ ఇంటి నుంచి వచ్చింది. అమ్మను దూరం నుంచి చూడగానే వాగుడుకాయ గబగబా చెప్పుల్ని మొదటిచోటే పెట్టేసింది. అమ్మమ్మ జాడ మాత్రం లేదు.

చివరికి సర్ఫింగ్ నేర్పే మాస్టారు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చెప్పులు కనబడక, దారి దాటిపోయి, రాళ్ళ దాకా వెళ్ళిపోయిందట. పాదం చీరుకుపోయింది.

"చెప్పులు ఇక్కడే ఉన్నాయి కదమ్మా. ఇంక నువ్వు ఒక్కదానివీ నడకకు వెళ్ళొద్దు," అంది అమ్మ.

అమ్మమ్మ వాదించలేదు. "నా చూపు పూర్తిగా పోతున్నట్టుంది," అంది మెల్లగా.

నిజం చెబితే తిడతారని వాగుడుకాయకు భయం. ఇంటికెళ్ళాక కూడా చెప్పుల సంగతి బయటపెట్టలేదు.

మర్నాడు నడక వేళకు అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. సముద్రం హోరు వినబడుతూనే ఉంది. ఆమె అటువైపు తలైనా తిప్పలేదు. అది చూసి మనవరాలికి ఏడుపొచ్చింది. దగ్గరకు వెళ్ళి ఆమె మోకాలు పట్టుకుంది.

"అమ్మమ్మా, నీ చూపేమీ పోవడం లేదు. చెప్పులు నేనే తీశాను. అమ్మ రాగానే మళ్ళీ పెట్టేశాను."

అమ్మమ్మ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆ పిల్లకు.

"నిన్ననే చెప్పి ఉంటే రాత్రి కాస్త నిద్రన్నా పట్టేది తల్లీ," అంది అమ్మమ్మ.

పిల్ల కళ్ళు తుడుచుకుంది. లేచి వంటింట్లోకి నడిచింది.

"అమ్మా, నిన్న తప్పు అమ్మమ్మది కాదు," అంటూ మొదలుపెట్టింది.