అయిదింటిలోపు వదలాల్సిన మెయిల్

"మీ ఫిల్టర్‌కి నేనేం ద్రోహం చేశానండీ?"

ట్రైనింగ్ సెక్షన్ అమ్మాయి తలుపు తోసుకొచ్చి మరీ అడిగింది. మెయిల్స్‌లోని చెత్తను ఏరిపారేసే ఆ గదిలో ఉద్యోగి ఒక్కడే. ఆఫీసంతా అతన్ని ముద్దుగా చెత్తబుట్ట అంటుంది. ముద్దు అన్నది వాళ్ల అభిప్రాయం.

"క్లాసుంది రండి అని మూడొందల మందికి మెయిల్ పెడితే ఒక్కరికీ చేరలేదు. ఖాళీ కుర్చీలకి పాఠం చెప్పొచ్చాను."

"సబ్జెక్టులో 'ఉచితం, వెంటనే రండి' అని రాశారు. పక్కన తొమ్మిది ఆశ్చర్యార్థకాలు. లాటరీ మోసగాళ్లే మూడుతో సరిపెట్టుకుంటారండీ."

"నా ఉత్సాహం నాది. మీ మిషన్‌కేం నొప్పి?"

"మిషన్‌కి నొప్పులుండవు. నాకే, తలనొప్పి."

ఆమె విసురుగా వెళ్లిపోయింది. మర్నాడు ఆశ్చర్యార్థకాలు పది పెట్టింది. ఆపైన వారానికి రెండుసార్లయినా గొడవకు రావడం ఆమెకు అలవాటైంది. ఎప్పుడొస్తుందో తెలియక రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకోవడం అతనికి అలవాటైంది.

"రోజుకి నాలుగువేల మెయిల్స్ ఆపుతావు గానీ, ఆ పిల్లతో ఒక్క మాట చెప్పలేవట్రా?" అని అక్క ఫోన్లో దెప్పింది. నోట్లో నాలుక లేని తమ్ముడు ఛార్జింగ్ అయిపోతోందని చెప్పి పెట్టేశాడు.

ఆరు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఫిల్టర్ ఆపినవాటిలో ఆమె మెయిల్ కనిపించింది. మేనేజర్‌కి రాసింది. "బదిలీ గురించి!!! ఈరోజు అయిదింటికే గడువు!!!"

ఆమే బదిలీ అడుగుతోందనుకున్నాడు. వేరే ఊరి బ్రాంచికి జనం పోటీపడి వెళ్తున్నారని క్యాంటీన్‌లో విన్నాడు. లోపల ఏముందో అతను చదవకూడదు. పేరూ సబ్జెక్టూ చూసి వదలాలో వద్దో తేల్చడం వరకే అతని పని. రేపు పొద్దున చూసినా అడిగే నాథుడు లేడు. ఆమె ఇక్కడే ఉంటుంది. నింద ఫిల్టర్ మోస్తుంది.

నాలుగున్నరయింది. నాలుగూ యాభై అయింది. మనిషిని గొళ్లెం పెట్టి ఉంచుకోవడం ప్రేమెలా అవుతుందని తనను తానే తిట్టుకుని, మెయిల్ వదిలేశాడు. మహా త్యాగమూర్తి! చప్పట్లు కొట్టడానికి గదిలో ఒక్కరూ లేరు. కళ్లు మాత్రం చెమర్చాయి.

అయిదున్నరకి ఆమె వచ్చింది.

"ఎప్పుడెళ్తున్నారు?" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఎక్కడికి?"

"బదిలీ అడిగారుగా."

"నేనడగలేదు. వాళ్లే వేశారు. రద్దు చేయమని రాశాను. నాలుగూ యాభై రెండుకి చేరిందట, ఒప్పుకున్నారు. ఇంకో ఎనిమిది నిమిషాలు మీరు కునుకు తీసుంటే నేను సామాను సర్దుకునేదాన్ని."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "ఆపేద్దామనుకున్నానండీ. వెళ్లిపోతారని భయమేసింది. ఉండమని అడిగే ధైర్యం లేదు."

ఆమె తిట్టలేదు. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

"రద్దుకి కారణం రాయమన్నారు. పెళ్లి అని రాశాను," అంది తాపీగా.

"ఎవరితో?"

"ఆయనింకా నోరు విప్పలేదు. పెళ్లికొడుకు పేరు రేపు చెప్పమన్నారు మేనేజర్ గారు. ఏం చెప్పమంటారు?"

"నా పేరు చెప్పండి," అన్నాడతను. ఆమె నవ్వేదాకా ఊపిరి తీసుకోలేదు.