పెద్దన్న ఒప్పుకోని ప్యాచ్

తలుపు తీసినవాడి చేతిలో టీ కప్పు ఉంది. బయట నిలబడ్డవాడి చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

ఒక్క గుండుతో అంతా అయిపోయింది. హంతకుడు బీరువా జోలికి పోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. శవం మెడలో తాడు తెంపి, దానికి వేలాడుతున్న యూఎస్‌బీ కీ ఒక్కటీ జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

"ఎవరీయన?" శవం ఫోటో చూసి అడిగాడు మేస్త్రి. ఎక్కడికైనా పనివాడి వేషంలోనే దూరతాడని ఆ ఏజెంటుకు గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"'దారి' ప్రాజెక్టు పెద్ద. అందరూ పెద్దన్న అంటారు," అన్నాడు చీఫ్. "రౌటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్. ఏ కబురు ఏ తోవన పోవాలో చెప్పేది అదే. ఆసుపత్రులు, రైళ్లు, కరెంటు, సైన్యం, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్పు పంపొచ్చు. కానీ దాన్ని చూసుకునే ఇద్దరు మెయింటైనర్లు తమ కీలతో సంతకం చేస్తేనే కొత్త వెర్షన్ బయటికెళ్తుంది."

"రెండోవాళ్లెవరు?"

"కోయిల."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "మన కోయిలేనా?"

"మన కోయిలే. ఐదేళ్ల క్రితం ప్రాజెక్టుకి రహస్య కాపలాగా మనమే పెట్టాం. ఇప్పుడు ఆమె ప్రాణానికీ ముప్పే. రేపు పొద్దున ప్రాజెక్టు సభలో కొత్త వెర్షన్ విడుదల. వెళ్లి కాపాడు."

ఆ సాయంత్రం మేస్త్రి కేబుల్ రిపేరువాడిగా పెద్దన్న ఇంటికి వెళ్లాడు. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. టీ మరక ఇంకా గడప మీదే ఉంది. తుడవడానికి ఆమెకు చేతులు రాలేదు.

"నువ్వు కేబుల్ కోసం రాలేదు కదా తమ్ముడూ?" అందామె నెమ్మదిగా.

మేస్త్రి అబద్ధమాడలేకపోయాడు. "లేదు వదినగారూ. ఆయన చివర్లో దేని గురించైనా బాధపడ్డారా?"

"ఆ అమ్మాయి పంపిన ప్యాచ్ గురించే. కోయిల. ఈయనకి చేదోడువాదోడుగా ఉండేది, సొంత చెల్లెలనుకున్నాం. 'చిన్న మార్పే, కానీ ఎందుకో చెప్పట్లేదు. అర్థం కానిదాన్ని నేను ఒప్పుకోను' అన్నారు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు."

మేస్త్రి బయటికొచ్చాడు. వీధి మలుపులో నిలబడి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఏడుస్తున్న మనిషి మాట పట్టుకుని మన ఏజెంటుని లోపలెయ్యమంటావా?" చీఫ్ గొంతు కటువుగా ఉంది. "రుజువు తే."

పొద్దున హాలు నిండిపోయింది. వేదిక మీద పెద్దన్న ఫోటోకి దండ వేశారు. సౌండ్ మెకానిక్ వేషంలో మేస్త్రి పక్క గదిలోకి వెళ్లాడు. నల్ల పట్టు చీరలో కోయిల అద్దం ముందు నిలబడి ఉంది. చూపు తిప్పుకోలేని అందం. బల్ల మీద లాప్‌టాప్, దానికి గుచ్చి రెండు కీలు. అందులో ఒకదాని తాడు తెగి ఉంది.

అతను ఆమె కొంగుకి మైకు తగిలించాడు.

"మీసం నప్పలేదు, మేస్త్రీ," అందామె.

"పెద్దన్న కీ నీ దగ్గరికెలా వచ్చింది?"

ఆమె దాచలేదు. "వాళ్లిచ్చారు."

"ఆ ప్యాచ్ ఏం చేస్తుంది?"

"సరిహద్దు అవతల నుంచి ఒక్క మెసేజ్ వస్తుంది. ఇక దేశంలో ప్రతి కబురూ వాళ్ల చేతుల మీదుగానే పోతుంది. ఇష్టమైతే పోనిస్తారు, లేదంటే ఆపేస్తారు."

"ఎందుకు చేశావ్?"

"ఐదేళ్లు, మేస్త్రీ. ఉన్నానా పోయానా అని మీలో ఒక్కరు అడగలేదు. వాళ్లు అడిగారు." ఆమె తెగిన తాడుని వేలికి చుట్టుకుంది. "పెద్దన్నని చంపమని నేను చెప్పలేదు."

"వద్దని చెప్పావా?"

ఆమె లాప్‌టాప్ వైపు తిరిగింది. అప్పుడు గమనించిందామె, హాల్లో గుసగుసలు ఆగిపోయాయని. కొంగు మీద మైకు వైపు చూసుకుంది. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. హాలంతా విన్నది.

చటుక్కున లాప్‌టాప్ మీద మీట నొక్కింది. తెర మీద అప్‌లోడ్ పచ్చ గీత పరుగెత్తింది. మేస్త్రి కీలు లాగేశాడు, గీత ఆగలేదు. సంతకం అయిపోయింది.

హాల్లో ప్రాజెక్టు సర్వర్ చూసుకునే గడ్డపాయన ఒళ్లో లాప్‌టాప్ తెరిచాడు. ఆమె అనుమతులన్నీ రద్దు చేశాడు. గీత చివరి అంచుకి వెంట్రుకవాసిలో ఆగి, ఎర్రబడింది.

అదే క్షణంలో పక్క గది వెనక తలుపు తెరుచుకుంది. సైలెన్సర్ దగ్గినట్టు చప్పుడు. కోయిల బల్ల పట్టుకుని నేలకి జారిపోయింది. మేస్త్రి లైటు స్టాండు విసిరి హంతకుణ్ణి పడగొట్టి, మోకాలితో నొక్కిపట్టాడు. పెద్దన్న ఇంటి మెట్లు దిగినవాడు వీడే.

పట్టు చీర తడిసిపోతోంది. "నేను రాసినవన్నీ చెడ్డవి కావు," అంది కోయిల. ఆ మాటలూ మైకులోంచి హాలుకి వినపడ్డాయి. "మిగతావి... తీసెయ్యొద్దని చెప్పు."

ఆ తర్వాత మైకులో చప్పుడేమీ రాలేదు.

సాయంత్రానికి హంతకుడి ముఠా మొత్తం దొరికింది. గడ్డపాయన ఆమె రాసిన మార్పులు ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాడు. చాలావరకు మంచివే. ఇక చూసుకోవడానికి మెయింటైనర్లు లేరు, జీతాలు అంతకుముందూ లేవు. కొత్త కబురేదో వచ్చినట్టు తెర మెరిసింది. మేస్త్రి వంగి చూశాడు.

ఎవరో ఊరూపేరూ లేనివాడు రాశాడు: "రిలీజ్ పొద్దున్నే అన్నారు, ఇంకా రాలేదు. మీకసలు బాధ్యత ఉందా?"