పీపాకు పట్టే ఉప్పు

1983 నవంబరు ఇరవై. ఆ పొద్దున ఇంట్లో ఏం తిన్నారో ఫుసాయెకి ఈనాటికీ గుర్తే. వేడన్నం, కాల్చిన ఉప్పుచేప, ముల్లంగి ముక్కలు వేసిన మిసో చారు, నిరుటి పీపాలో అడుగున మిగిలిన ఆకుకాడల ఊరగాయ. చారులో మిసోని, ఉప్పేసి పులియబెట్టిన ఆ సోయా ముద్దని, సగానికి తగ్గించి, ఆ లోటు తెలియకుండా ముల్లంగి ముక్కలు రెట్టింపు వేసింది.

అత్తగారు తోమె ఒక్క గుక్క తాగి గిన్నె కింద పెట్టింది.

"మసాజీ, మీ ఆవిడ ఇవాళ గిన్నెలు కడిగిన నీళ్ళు కాచి పోసిందిరా. పొదుపు నేర్చుకుంది, పోనీలే."

మసాజీ నవ్వాడు. నవ్వుతూనే, తల్లి తనవైపు జరిపిన ఉప్పటి సోయా సాస్ సీసా అందుకుని ఊరగాయ మీద ధారగా ఒంపుకున్నాడు.

"వేసుకోరా నాన్నా. రోజంతా ఆపిల్ చెట్లెక్కి దిగే ఒళ్ళు, ఉప్పు లేకపోతే ఎట్లా నిలబడుతుంది? ఆవిడకేం, ఇంటింటికీ తిరిగి జనం చార్లో పుల్ల ముంచటమేగా పని!"

ఆ ఏడాది వాళ్ళ వీధికి ఆరోగ్య సేవికగా ఉండే వంతు ఫుసాయెది. జపాన్‌లో ఆ నాగానో కొండల్లో పక్షవాతం తొక్కని గడప లేదు. సేవికలు ఇంటింటికీ వెళ్ళి, చారులో ఉప్పు కొలిచే మీటరు ముంచి, ఉప్పు తగ్గించుకోమని బతిమాలుతారు. ఆమె కొలిచిన ఇళ్ళన్నిటిలోకీ ఉప్పు ఎక్కువ తేలింది తన ఇంట్లోనే. కిందటి వారం ఊరి హాల్లో రక్తపోటు చూసిన నర్సు మసాజీ చేతికి ఇంకోసారి పట్టీ చుట్టి, ఫుసాయె మొహంలోకి చూసింది. మసాజీకి నలభై మూడేళ్ళు. వాళ్ళ నాన్న యాభై దాటగానే, మంచు కురుస్తున్న ఒక పొద్దున వాకిట్లోనే కూలిపోయాడు.

ఆ రోజు ఏడాది ఊరగాయ పెట్టే రోజు. ఇప్పుడు పీపాలో పడే ఉప్పే, మంచు కరిగేదాకా పూటపూటా, టీ తాగిన ప్రతిసారీ, మసాజీ కడుపులోకి వెళుతుంది. కడగడం, మొయ్యడం కోడలి పని. ఉప్పు చల్లే చెయ్యి మాత్రం అత్తగారిదే. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఫుసాయె ఆ రోజున ఉప్పు మూట ముట్టి ఎరగదు.

మధ్యాహ్నం పక్కింటి కివా టీకి వచ్చి వసారాలో కూచుంది. ముందు పెట్టిన ఊరగాయ నములుతూ, "ఇంత రుచి మళ్ళీ ఏడు ఉంటుందో లేదో వదినా! మీ కోడలు సగం ఉప్పు చాలంటోందటగా?" అంది.

"సగమెందుకు, కన్నీళ్ళు పోసి ఊరేస్తుంది, అవీ ఉప్పగానే ఉంటాయి" అంది తోమె. "పుట్టింట్లో ఉప్పు కొనే స్తోమత లేదు పాపం. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చింది."

కివా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాకిట్లో చన్నీళ్ళ తొట్టిలో కాడలు కడుగుతున్న ఫుసాయె లేచింది. వేళ్ళు ఎర్రబడి కొంకర్లు పోయాయి.

"అత్తయ్యా, ఈ ఒక్క ఏడాదికి సగం ఉప్పుతో పెడదాం. ఉత్తరపు కొట్టుగదిలో చలికి పాడవదు. మీ అబ్బాయి రక్తపోటు..."

"నా కొడుకు రక్తం సంగతి నువ్వు నాకు చెబుతావా? ఆ రక్తం నేనిచ్చింది! వాళ్ళ నాన్న ముప్ఫయ్యేళ్ళు ఈ చేతి ఊరగాయ తిన్నాడు. ఒక్క పూట వంక పెట్టి ఎరగడు."

"తిన్నారు. అందుకే పోయారు" అంది ఫుసాయె. "మామయ్యను చంపింది ఆ ఊరగాయే. ఇప్పుడు కొడుకుకి పెడుతున్నారు."

కివా కప్పు దించింది. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని గొణిగి వెళ్ళిపోయింది. నిచ్చెన భుజాన వేసుకుని అప్పుడే వాకిట్లోకి వచ్చిన మసాజీ, "ఫుసాయె! నోరు ముయ్యి!" అని అరిచాడు.

తోమె చెయ్యెత్తి కొడుకును ఆపింది.

"డాక్టరు చెప్పాడా అట్లా?"

"చెప్పారు. సేవికలకి పాఠం చెప్పినప్పుడు, మామయ్యలాగా పోయినవాళ్ళు ఈ లోయ నిండా ఉన్నారన్నారు."

"నాకెవరూ చెప్పలేదే. చలికి పోయాడన్నారు." తోమె తన అరచేతులకేసి చూసుకుంది. "ఆ పొద్దున కూడా ఇంకో నాలుగు కాడలు వెయ్యమన్నాడు. మురిసిపోయి, పీపా అడుక్కంటా చెయ్యి పెట్టి తీసి వేశాను. అడుగునవే బాగా ఉప్పెక్కుతాయని."

ఫుసాయె వసారా అంచున మోకాళ్ళ మీద కూచుంది.

"నేనట్లా అనకూడదత్తయ్యా."

"అబద్ధమా?"

"కాదు."

"మరి లెంపలేసుకుంటావెందుకు?"

తోమె లోపలికి వెళ్ళింది. ఏడుపు వినిపిస్తుందనుకుంటే కెటిల్ మూత చప్పుడు వినిపించింది. కాసేపటికి గోరువెచ్చటి నీళ్ళ బేసిను తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"చేతులు ముంచు. ఆ వేళ్ళతో చల్లితే ఉప్పు ముద్దలు ముద్దలుగా పడుతుంది."

ఆ మాట అర్థమవడానికి ఫుసాయెకి క్షణం పట్టింది. నీళ్ళలో చేతులు పెట్టాక గానీ ఏడుపు రాలేదు.

కొట్లో పీపా ముందు తోమె పీట వేసుకుని కూచుంది. ఫుసాయె ఒక వరస కాడలు పరిచి, పల్చగా ఉప్పు చల్లి, మళ్ళీ పరిచింది. చల్లిన ప్రతిసారీ ముసలామె చెయ్యి తనంతట తనే లేచేది. దాన్ని రెండో చేత్తో పట్టి ఒళ్ళో పెట్టుకునేది. ఒకసారి "ఇంకాస్త..." అనబోయి మింగేసింది. మసాజీ బరువు రాయెత్తి పీపా మూత మీద పెట్టాడు.

"పాడయిందో, నీ పేరే చెబుతాను కివాకి" అంది తోమె.

"చెప్పండి."

"చెప్పనా మరి! ఊరంతా చెబుతాను."

చీకటి పడింది. కొడుకూ కోడలూ బయటికి వచ్చినా తోమె పీపా దగ్గరే నిలబడింది.

"ఇట్లా చప్పగా పెడితే ఆయన నన్ను తిట్టేవాడు" అంది. మూత మీది రాయి మీద చెయ్యి వేసి, "ఇవాళ్టికీ కూచుని తిడుతూ ఉండేవాడు" అంది.

గుమ్మం దాటి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా కొట్టు తలుపు మూసింది.