మూడుసార్లు గుంజితే

నాకు గీ కంప్యూటర్లంటే ఒళ్లుమంట. ముందే చెప్తున్న.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే తొవ్వల పాత కంకర క్వారీ ఒకటుంది. రాళ్లు కొట్టుడు ఆపినంక నీళ్లు నిండి పద్దెనిమిది మీటర్ల లోతు గుంతయింది. వీరేందర్ అనే రైతు మోటారు అండ్ల పడ్డది. మునిగి సామాను తీసుడే మా పని. మునిగేటోడు రహీల్, ఒడ్డుమీద తాడు పట్టేటోడు సత్తయ్య, అంటే నేను. అంతకుముందు రహీల్ వాళ్ల అబ్బా షుకూర్ మునిగేటోడు. రెండేండ్ల కింద గిదే గుంతల పాణం ఇడిసిండు.

మా లెక్క సాఫ్. నడుముకు తాడు కట్టాలె. లోపలికెళ్లి ఒక్కసారి గుంజితే బాగున్నట్టు. రెండుసార్లు గుంజితే ఇంకింత తాడు ఇడువుమన్నట్టు. మూడుసార్లయితే జల్దీ పైకి లాగుమన్నట్టు. దీనికి చార్జింగ్ అక్కరలేదు.

ఆ పొద్దు అల్వాల్‌ల వాళ్లింటికి పోతే షుకూర్ భార్య హజీరా భాబీ దర్వాజ కాడ నిలబడ్డది. “భయ్యా, ఆయనైతే పోయిండు. కొడుకునన్న పాణంతోని తెచ్చియ్యి,” అన్నది. సరే అన్న. ఆమె మొఖం చూడలేకపోయిన.

ఒడ్డుమీద రహీల్ మణికట్టుకు గడియారమసొంటిది కట్టుకుంటాండు. డైవ్ కంప్యూటరంట.

“తాడు వద్దు చాచా. రాళ్లకు చిక్కుతది. ఎంత లోతుల ఉన్ననో, ఎప్పుడు పైకి రావాల్నో గిదే చెప్తది.”

“నువ్వు సోయి తప్పితే గది నిన్ను లాగుతదారా?”

“మా అబ్బాను నీ తాడు లాగిందా?”

“మీ అబ్బా గుంజలేదు బేటా. గుంజితే నేను లాగకపోదునా?” అన్న. రెండేండ్ల సంది అందరికీ ఇదే చెప్పుకుంట వస్తున్న.

“సరే, నీ లొల్లి పడలేక కడుతున్న,” అని తాడు నడుముకు చుట్టుకొని దిగిండు.

మధ్యాహ్నం మూడయింది. మబ్బు పట్టింది. నీళ్లు నల్లగున్నయి, పాచి వాసన, పాత డీజిల్ వాసన. ఎక్కడా చప్పుడు లేదు. కాసేపటికి తాడు ఒక్కసారి గుంజింది. హమ్మయ్య అనుకున్న.

మళ్ల రెండుసార్లు. తాడు ఇడిసిన. ఇంకో రెండు. ఇడిసిన. మళ్ల రెండు... నలభై మీటర్లు పోయింది. పద్దెనిమిది మీటర్ల గుంతల నలభై మీటర్ల తాడుతోని ఏం జేస్తాండు వీడు? తిట్టుకుంట ఇడుస్తనే ఉన్న.

“చాచా.”

మాట వెనకనుంచి వచ్చింది. రహీల్. తడితోని, గట్టుమీంచి నడుచుకుంట వస్తాండు. నడుముకు తాడు లేదు.

“ఎప్పుడిప్పినవురా?”

“దిగంగనే. రాయికి చిక్కింది, చెప్పిన గదా. టైమయిందని కంప్యూటర్ మొత్తుకుంటే అటుపక్క తేలిన.”

అప్పుడే నా చేతుల తాడు అదిరింది. రెండు జల్దీ జల్దీగ... జెరసేపాగి... ఇంకొకటి.

“లోపల ఎవరున్నరు?” రహీల్ గుసగుసగ అడిగిండు.

అట్ల గుంజేటోడు షుకూర్ ఒక్కడే. ఆ దినం గూడ గట్లనే గుంజిండు. నేను తాడును బండకు కట్టి, గట్టెక్కి ఫోన్ మాట్లాడుతున్న. తాడు అదురుడు పైనుంచి చూసిన. మాట అయిపోనీ, జెర ఆగుతడులే అనుకున్న.

రహీల్ మణికట్టు చూసుకుంటాండు. “ఇది కరాబయిందా ఏంది? నేను ఒడ్డుమీదుంటే పదహారు మీటర్లంటాంది.”

నేను చూస్తుండంగనే పదిహేనయింది. పద్నాలుగు...

నేను తాడు లాగుతలేను. అయినా అది వదులయితాంది. నీళ్లమీద చుట్టలు చుట్టలుగ తేలుతాంది.

“చాచా... అబ్బా గుంజలేదన్నవు గదా?”

తొమ్మిది. ఏడు.

“చెప్పు చాచా.”

నాలుగు. మూడు. రెండు...

“గుంజిండు బేటా,” అన్న. “మూడుసార్లు గుంజిండు. నేనే లాగలేదు.”

అంకె ఒకటి కాడ ఆగింది.

రహీల్ కంప్యూటర్ ఇప్పి నా చేతుల పెట్టి, వెనకకు చూడకుంట పోయిండు. హజీరా భాబీకి ఆమె కొడుకు దక్కిండు. ఆ ఇంటికి పోయే మొఖం నాకు లేదు.

నెల దాటింది. ఆ కంప్యూటర్ మా ఇంట్ల బీరువాల ఉంది. ఒక్కనాడు గూడ చార్జింగ్ పెట్టలేదు, అయినా బందయితలేదు. రోజూ తీసి చూస్తున్న, రోజూ ఒకటే మీటరు.

ఇయ్యాల పొద్దుగాల చూస్తే సున్నా.