ముందు పంపిన సగం

"అయ్యో, వాళ్ళని అలా గుంపుగా పంపకండి! అందరూ ఒకేసారి పోతారు."

గుంటూరులో గఫూర్ పుస్తకాల షాపు మేడమీద, యుద్ధం ఆట బోర్డు ముందు కూర్చున్న ఇలియాస్‌తో షమా అన్న మొదటి మాట అది. వినుకొండలో మిర్చి కమిషన్ కొట్టు చూసుకునే ఇలియాస్, ఆదివారం వస్తే చాలు ఇక్కడ వాలిపోయేవాడు.

"నా సైన్యాన్ని శపించడానికి మీరెవరండీ?"

"మీకు ఎదురు ఆడబోయేదాన్ని."

గఫూర్ పకపకా నవ్వాడు. "ఒరేయ్, జాగ్రత్తరా! పెదకాకాని పిల్ల. పోయిన వారం నన్ను తుడిచిపెట్టేసింది."

ఇలియాస్ ఓడిపోయాడు. దిగులు పడలేదు సరికదా, వాన పట్టుకుని ఆమె బస్సు ఆలస్యమైతే బాగుండుననుకున్నాడు. దేవుడు దయగలవాడు, వాన పట్టుకుంది.

షమా బోర్డు మీంచి తన దళం అట్టముక్క ఒకటి తీసి, దాని చోట రెండు చిన్న ముక్కలు పెట్టింది. "ఒక స్క్వాడ్‌ని రెండు సగాలు చెయ్యొచ్చు. శత్రువు ఎక్కడ నక్కాడో తెలియనప్పుడు ఒక సగాన్ని ముందు పంపాలి. కాల్పులు ఎటునుంచి వస్తాయో తెలిసిపోతుంది."

"పాపం, ఆ సగం?"

"అందుకే రెండో సగం వెనకే, చూపు ఆనే చోట, తుపాకీ ఎక్కుపెట్టి ఉండాలి. అలా ఉండలేకపోతే అసలు విడగొట్టనే కూడదు."

అతను తల ఊపాడు. రూల్ కన్నా, అది చెబుతూ ఆమె చెవి వెనక్కి తోసుకున్న జుట్టే ఎక్కువ గుర్తుండిపోయింది.

మిరప కోతలకి 'అండీ'లు పోయాయి. పత్తి తీతలకి పెళ్ళిమాట వచ్చింది.

"కలిసెళ్ళి నాన్నతో చెబుదాం," అంది షమా.

"ముందు నువ్వు కదిపి చూడు. ఆయనేమంటారో తెలిస్తే నేనెలా రావాలో ప్లాన్ చేసుకుంటా. మీ ఊరి సెంటర్లోనే ఉంటాలే. నువ్వు నేర్పిందేగా!"

ఆమె నవ్వలేదు. అతను అది చూసుకోలేదు.

ఇలియాస్ పెదకాకాని సెంటర్లో టీ కొట్లో ఉండగా ఫోన్ వచ్చింది. "వద్దన్నారు," అంది షమా.

"సరే, ఇప్పటికి వెనక్కి తగ్గుదాం," అని ఇలియాస్ వినుకొండ బస్సెక్కాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోన్ ఎత్తలేదు.

రెండు పంటలు గడిచాయి. ఈ ఆదివారం మేడ ఎక్కేసరికి బోర్డు దగ్గర షమా ఉంది. కాస్త చిక్కింది.

"కూర్చో. బెదిరిపోకు, కాల్చను."

"నాన్నగారు బావున్నారా?"

"పోయిన రంజాన్‌కి ముందే పోయారు. నీకు చెప్పొద్దని గఫూర్ అన్నకి నేనే చెప్పా."

ఇలియాస్ బోర్డుకి ఇవతల కూర్చున్నాడు.

"అమ్మ నాకో సంబంధం ఖాయం చేస్తానంటోంది. ఆలోపు నీకొకటి తెలియాలనిపించింది." ముక్కలు సర్దుతూ అంది షమా. "ఆ రోజు నాన్నకి కోపం రాలేదు. కుట్టుమిషన్ ఆపి మొత్తం విన్నారు. అమ్మతో టీ పెట్టించి, అబ్బాయి బయటున్నాడేమోనని గుమ్మంలోకెళ్ళి చూశారు. సెంటర్లో కూర్చున్నాడని చెప్పా. అప్పుడన్నారు వద్దని. 'నా ముందుకి నిన్నొక్కదాన్నే తోసినవాడు, రేపు దేనికి ఎదురు నిలబడతాడమ్మా' అన్నారు."

ఆ టీ కొట్టు నుంచి వాళ్ళిల్లు ఒక్క సందు దూరం. ఇలియాస్ ఆ సందు నడవని తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"నువ్వు నేర్పినదాంట్లో సగమే గుర్తుపెట్టుకున్నా. ఆయన ముందు నిలబడి చెప్పుకోవాల్సింది."

"ఇంక చెప్పుకోలేవు," అంది షమా. ఓదార్చలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

ఆ వెళ్ళకపోవడమే అతనికి ఊపిరి పోసింది. "మీ అమ్మగారు గుమ్మం ఎక్కనిస్తారా?"

"ఏమో. తిట్టడం మాత్రం ఖాయం."

"నేనొక్కణ్ణే వెళ్ళి తిట్లు తింటా. నువ్విక్కడే ఉండు."

షమా చేతిలో ముక్క ఆగిపోయింది. "మళ్ళీ విడగొడుతున్నావా?"

సాయంత్రం ఇద్దరూ పెదకాకాని సెంటర్లో దిగారు. సన్నగా వాన. టీ కొట్టాయన ఇలియాస్‌ని గుర్తుపట్టి బల్ల తుడిచాడు. "రండి బాబూ, కూర్చోండి."

"కూర్చోనండీ," అన్నాడు ఇలియాస్.

సందు చివర వసారాలో, గుడ్డ కప్పిన కుట్టుమిషన్ కనబడగానే అతని అడుగు ఆగిపోయింది. షమా కూడా ఆగింది. అతను కదిలేదాకా ఆమె కదల్లేదు.