క్లెమ్ షెడ్డు దగ్గర ఆగకండి

గిల్బరా ఊరి పొలిమేరలో, క్లెమ్ టైర్ల షెడ్డు దగ్గర చీకటి పడ్డాక ఊరివాళ్ళెవరూ బండి ఆపరు. క్లెమ్ పోయి నాలుగేళ్ళు. అయినా రాత్రిళ్ళు అక్కడ హారన్లు మోగుతాయి... తుప్పు షట్టరు దబదబలాడుతుంది... "క్లెమ్! క్లెమ్!" అని ఎవరో పిలుస్తారు. ఆ తర్వాత — నిశ్శబ్దం.

నోలీన్‌కు దెయ్యాలంటే భయం లేదు, గిరాకీ లేదనే భయం. ఆమె టైర్ల షెడ్డు ఊరి అవతలి కొసన, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎంత పెద్ద బోర్డు కడితే ఏం? బాటసారి చూసేది ఫోను. 'దగ్గర్లో టైర్ల షాపు' అని వెతికితే ఆమె పేరే రాదు. ఈ చలికాలం యాత్రికుల బళ్ళయినా తగలకపోతే, షెడ్డు మూసి మళ్ళీ గనిలో లారీ తోలాల్సిందే.

ఫోను మ్యాపులో పేరు ఎక్కాలంటే ఆ మ్యాపువాళ్ళు షాపు చిరునామాకు ఒక కార్డు పంపుతారు. దాని మీది అంకెలు తిరిగి చెప్పాలి. గిల్బరాలో పోస్టుమాన్ గడప తొక్కడు. ఎవరి ఉత్తరాలు వాళ్ళు పోస్టాఫీసులో తమ పెట్టెలోంచి తెచ్చుకోవాలి. మ్యాపువాళ్ళేమో పెట్టె నంబరును చిరునామాగా ఒప్పుకోరు.

"మూడో కార్డు కూడా వెనక్కి పంపేశావా, ట్రిష్?" పోస్టాఫీసు కౌంటరు దగ్గర నిలదీసింది నోలీన్.

"దాని మీద పెట్టె నంబరు లేదే తల్లీ. రూలు."

"పుట్టినప్పట్నుంచీ ఎరుగుదువు కదే నన్ను!"

"నేనెరుగుదును. రూలెరగదు."

ఆ సాయంత్రం పబ్బులో ఎవడో పకపక నవ్వాడు. "నీకంటే చచ్చిన క్లెమ్‌కే గిరాకీ ఎక్కువే, నోలీన్!"

ఒళ్ళు మండింది. ఆ గిరాకీ ఏమిటో చూద్దామని వెళ్ళి, తన బండి క్లెమ్ షెడ్డు వెనక పెట్టి, చీకట్లో కూర్చుంది.

పదకొండు దాటాక... వెలుతురు. వెనక కారవాన్, అదే చక్రాల ఇల్లు, లాగుతూ ఒక బండి కుంటుకుంటూ వచ్చి ఆగింది. హారను. ఒకాయన దిగి షట్టరు బాదాడు. "క్లెమ్! ఉన్నావా?"

నోలీన్ ముందుకొచ్చింది. "క్లెమ్ లేడండీ. పోయి నాలుగేళ్ళయింది."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుందని ఫోన్‌లో ఉందే?"

అదీ సంగతి! దెయ్యం లేదు, గియ్యం లేదు. మనిషి పోయినా మ్యాపులో షాపు పోలేదు. బతికున్నదానికి చోటివ్వని మ్యాపు, చచ్చినవాడికి రాత్రీపగలూ గిరాకీ పంపుతోంది.

"నాకూ షెడ్డుంది. నాలుగు కిలోమీటర్లే. నా వెంట రండి, పది నిమిషాల్లో బిగించేస్తా."

బండిలోంచి ఆయన భార్య అడిగింది. "పేరేమిటమ్మా?"

"నోలీన్ టైర్స్."

ఫోను వెలుగు ఆమె ముఖం మీద నీలంగా పడింది.

"గ్రెగ్..." ఆమె కిటికీలోంచి భర్తను పిలిచింది. "ఈవిడ లేదు."

"సరిగ్గా చూడు."

"చూశాను. అక్కడ ఏ షెడ్డూ లేదు. ఉత్త నేల..."

గ్రెగ్ నోలీన్ వెనకవైపుకు చూశాడు. బండి లేదు, దీపం లేదు. ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.

"ఆగండి! నా బండి అటు పక్కన—"

తలుపు దబ్బున పడింది. గాలి పోయిన చక్రం మీదే, నిప్పురవ్వలు రాలుస్తూ, బండి చీకట్లో కలిసిపోయింది.

తెల్లారి ఫోను మ్యాపులో క్లెమ్ షెడ్డు పేరు కింద ఎవరో రాసిన కొత్త మాట కనిపించింది. 'జాగ్రత్త. రాత్రిపూట ఇక్కడ ఒక ఆడమనిషి చీకట్లోంచి వచ్చి, లేని షెడ్డుకు రమ్మంటుంది. వెళ్ళకండి.'

సాయంత్రానికల్లా అరవై ఒక్కమంది అది తమకెంతో పనికొచ్చిందని నొక్కారు.