ఉప్పు లేని ఇల్లు

కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసే ఇల్లాలిని డిగ్నాబాద్‌లో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఎరుకమ్మ పొద్దున్నే బీరకాయలు చిన్న ముక్కలుగా కోసి, నానబెట్టి, ఉడికించి, నీళ్ళన్నీ వంచేసి, అప్పుడు తాలింపు పెట్టేది. పక్క వాటాలో ఉండే తోడికోడలు కాళమ్మ గుమ్మంలో నిలబడి రోజూ ఆ తంతు చూసి నొచ్చుకునేది.

"సారమంతా తూములో పోసి బావకి పిప్పి ఎడతన్నావక్కా. మనిసి ఏటైపోతాడు?" అంది ఆ రోజు కూడా.

"ఆ సారమే ఈ మనిసికి పడదట. డాక్టర్ సాబ్ సాఫ్‌గా సెప్పీసినాడు," అంది ఎరుకమ్మ గిన్నె వంచుతూనే.

ఆమె భర్త గవరయ్యకు రెండు కిడ్నీలూ చాలావరకు పాడయ్యాయి. రక్తం శుభ్రం చేసే మిషను డిగ్నాబాద్ ఉన్న ఆ ద్వీపాలకు ఇంకా రాని రోజులవి. కావాలంటే ఓడెక్కి వైజాగో మద్రాసో పోవాలి. అందాకా తన చేతిలో ఉన్నవి నాలుగు మాత్రలేననీ, మిగతా వైద్యమంతా వంటింట్లోనే ఉందనీ డాక్టరు తేల్చేశాడు. మంత్రిపదవి ఇచ్చినా ఎరుకమ్మ అంత శ్రద్ధగా పుచ్చుకునేది కాదేమో. ఉప్పు జాడీని ఆ సాయంత్రమే కాళమ్మ ఇంటికి తరలించింది. ఎండు చేపల బుట్ట, ఆవకాయ, అప్పడాలు దాని వెనకే నడిచాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళు కొబ్బరి బొండాలు తెస్తే, అవీ పడవని గుమ్మంలోనే అందుకుని వీధిలో పిల్లలకు పంచేది. తాగే నీళ్ళు పొద్దున ఒక చెంబులో కొలిచి పోసి, "రోజంతటికీ ఇంతే" అని మొగుడి పక్కన పెట్టేది.

ఆవిడ అజమాయిషీలో గవరయ్య బుద్ధిగానే ఉండేవాడు. ఒకప్పుడు డుంగీ పడవ మీద రాత్రంతా వేటాడి వచ్చిన మనిషి, ఇప్పుడు వరండాలో కూర్చుని తమ్ముడి వలల చిరుగులు అల్లేవాడు. ఏం పెట్టినా తినేవాడు. బాగుందనేవాడు కాదు, బాగోలేదనేవాడూ కాదు.

డాక్టరు ఒక్క విషయంలో దయ చూపించాడు. రోజూ కాస్త చేప తినొచ్చన్నాడు. ఆ చేప పూచీ తనదన్నాడు గవరయ్య తమ్ముడు, కాళమ్మ మొగుడు సూరయ్య. వేట నుంచి తెల్లవారి వచ్చేటప్పుడు మూత డబ్బాలో శుభ్రం చేసిన ముక్కలు తెచ్చి వదిన చేతికిచ్చేవాడు. "మళ్ళీ కడక్కొదినా, అన్నీ సేసి తెచ్చీసినాను," అనేవాడు. కుళాయిలో మంచినీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఎండాకాలం అది. పట్టుకున్న నీళ్ళు కూరగాయలు నానబెట్టడానికే చాలేవి కావు. మరిది పుణ్యమా అని ఒక పని తప్పిందనుకుని, ఎరుకమ్మ ఆ ముక్కల్ని తీసి నేరుగా దాకలో వేసేది.

తను మాత్రం చేప ముట్టడం మానేసింది. మొగుడి కాళ్ళ వాపు తీసేదాకా నోట పెట్టనని నూకాలమ్మకు మొక్కుకుంది. మొక్కు నలుగురికీ చెబితే పలచనైపోతుందని గుట్టుగా ఉంచుకుంది. ఎవరైనా అడిగితే "నోటికి సయించడం నేదు" అనేది. పాలు మరిచిన నాటి నుంచీ చేపతోనే పెరిగిన మనిషికి అది చిన్న మొక్కు కాదు.

ఇంత చేసినా వాపు తగ్గలేదు, పెరిగింది. ముందు రోజు ఆసుపత్రిలో డాక్టరు గవరయ్య కాలి మీద వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు. "యే నమక్ ఖా రహా హై," అన్నాడు ఎరుకమ్మ వైపు తిరిగి. ఇలాగే ఉప్పు తింటూ పోతే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందనీ, వచ్చే వారానికి వాపు తీయకపోతే ఓడెక్కించక తప్పదనీ చెప్పాడు. రోజుల తరబడి సముద్రం మీద, ఆ ఒంటితో, ఆ ఆయాసంతో మనిషి అవతలి ఒడ్డు చూస్తాడా అన్నదే ఎరుకమ్మ భయం.

ఇంట్లో ఒక్క ఉప్పు కల్లు కూడా లేదు. మరి ఎక్కడ తింటున్నట్టు? సాయంత్రాలు గవరయ్య జెట్టీ దగ్గర టీ కొట్టులో పాత స్నేహితులతో కూర్చోవడం గుర్తొచ్చింది. అంతే, ఆమెకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది.

ఆ రోజు కాళమ్మ వెళ్ళిపోయాక మొగుడికి కంచం పెట్టి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"జెట్టీ కాడ ఏటి తింటన్నావు మావా?"

గవరయ్య ముద్ద కలుపుతూ ఆగాడు. "ఏటీ తిననే. సగం టీ తాగుతాను. నువ్వు సెప్పిందే."

"మరి ఉప్పెక్కడి నుంచి వస్తంది? నిన్న డాక్టర్ సాబ్ ముందర నాను సిగ్గుతో సచ్చిపోనాను. పకోడీలా? సమోసాలా? సెప్పీయి. ఏటీ అనను."

"తిననేదే. నీ మీద ఒట్టు."

ఒట్టు అనేసరికి ఎరుకమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్దం ఒట్టేసి నన్ను కూడా నీతో తీసుకుపోదామనా? కూరలు పిండి పిండి నా సేతులు పాసిపోనాయి. నీ నోటికి నేనిదని పండగనాడు నానూ గారె ముక్క తిననేదు. ఇంత సేస్తంటే నా కళ్ళు కప్పుతావా? పో, ఓడెక్కీ. నాను మాత్రం రాను."

మామూలుగా గవరయ్య మాట పడతాడు, దులుపుకుంటాడు. ఈసారి కంచం పక్కకు జరిపాడు.

"నువ్వే కదే ఏస్తన్నావు," అన్నాడు మెల్లగా.

"నానేటేస్తన్నాను?"

"ఉప్పు. కూరలు సప్పగానే ఉంటాయి. సేపలోనే ఏస్తన్నావు. ముసిలోడు సప్పిడి తినలేడని జాలిపడి ఎక్కడో రవ్వంత దాసి ఉంచినావనుకున్నాను. బైట అంటే నీకు తలవంపులని ఊరుకున్నాను."

ఎరుకమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో దొంగతనం లేదు. చెయ్యి చాపి అతని కంచంలోంచి చేప ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నూకాలమ్మ గుర్తొచ్చేసరికి అది నాలుక మీద ఉంది. ఊరవేసిన చేపలాగా ముక్క లోపలిదాకా ఉప్పు పట్టి ఉంది.

"నాను ఎయ్యనేదు మావా," అంది.

మూలన సూరయ్య డబ్బా ఇంకా కడగకుండానే ఉంది. అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. వెంటనే గోడ అవతలికి కేకేసింది. రాత్రి వేట చేసి అప్పుడే నడుం వాల్చిన సూరయ్య కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఈ డబ్బాలో నీళ్ళేటి సూరయ్యా?"

"సంద్రం నీళ్ళే. పడవ మీదే కోసి, గాట్లెట్టి అందులో ఏసీస్తాను. ఐసు అమ్మకం సేపలకే సాలదు కదొదినా. ఇలగైతే పొద్దున దాకా ఏక్‌దమ్ తాజాగా ఉంటాది. మంచినీళ్ళు తగిల్తే సేప రుచి సచ్చిపోద్ది."

"అది ఉప్పు కాదేటి?"

సూరయ్య తెల్లబోయాడు. "ఉప్పంటే కొట్లో కొనుక్కునేది కదా. ఇది సంద్రం," అన్నాడు. తన మాట తన చెవిన పడేసరికి డబ్బాలోకి వంగి చూశాడు.

ఎవరైనా నవ్వొచ్చు గానీ, ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ సముద్రాన్ని ఉప్పు లెక్కలో వేసినవాళ్ళు లేరు. పడవ మీద ఆ నీళ్ళు కలిపి పులుసు కాచుకుని, ఉప్పు వెయ్యకుండానే ఎంత రుచో అనుకునేవాళ్ళు. ఎరుకమ్మ పుట్టింట్లోనూ అంతే. అందుకే ఆమె కూడా ఇన్నాళ్ళూ డబ్బాలో నీళ్ళేమిటని అడగలేదు. పైగా వదినకు పని తగ్గిద్దామని అన్నకు జబ్బు చేశాకే సూరయ్య ఈ పద్ధతి మొదలుపెట్టాడు. అంతకుముందు చేపను చేపలాగే తెచ్చి పడేసేవాడు.

సూరయ్య అన్న కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. వాచిన పాదం మీద చెయ్యి వేసి, "నానేనా అన్నా," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఊరుకోరా," అన్నాడు గవరయ్య తమ్ముడి తల నిమురుతూ. "ఇన్నాళ్ళూ ఈ కంచంలో నోటికి తగిలింది నీ ముక్క ఒక్కటే. నీకు బక్షీస్ ఇవ్వాల."

ఏడుపులోనే సూరయ్యకు నవ్వొచ్చింది. రేపటి నుంచి పొలుసు కూడా తియ్యకుండా తెస్తానని ఒకటికి నాలుగుసార్లు చెప్పి వెళ్ళాడు.

ఎరుకమ్మ మాత్రం నవ్వలేదు. కంచం ఎదురుగా అలాగే కూర్చుంది.

"ఉప్పని తెలిసే తిన్నావా?"

"నాలుక సావనేదు కదే."

"ఉప్పు నీ పేనం తీస్తాదని తెలుసా?"

"డాక్టర్ సాబ్ నాకూ సెప్పినాడు."

"మరెందుకు తిన్నావు మావా?"

"నువ్వు జాలిపడి ఎట్టిన ముక్క. వద్దని తోసీస్తే నీ మనసేటవుద్ది? ఏటకెల్లేవోడు కంచం ముందర వంక ఎడితే వల ఖాళీగా వస్తాదని మాయమ్మ సెప్పీది. నాకు ఎప్పుడూ నోరు రానేదు."

అప్పుడు ఏడ్చింది ఎరుకమ్మ. పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకుందామన్నా ఆగకుండా ఏడ్చింది.

"నా మనసు మంటల్లో పడ. పెళ్ళామే సేతులారా సంపుకుంటందని అనుకొని నోరు మూసుకు కూకున్నావా? ఇంత మనిసివి, ఒక్క మాట అడగలేకపోనావా?"

"నువ్వూ సేప ఎందుకు తింటనేవో సెప్పనేదు కదే," అన్నాడతను.

అప్పటికి గానీ మొక్కు సంగతి బయటపడలేదు. చెబుతూండగానే ఎరుకమ్మకు మరో సంగతి తట్టింది. తను మొదటి రోజే ఒక్క ముక్క నోట పెట్టుకుని ఉంటే ఈ ఉప్పు ఆనాడే దొరికేది. అతని కోసం తను, ఆమె కోసం అతను నోళ్ళు కట్టేసుకుని కూర్చున్నారు. ఆ సందులోంచే సముద్రం ఇంట్లోకి వచ్చింది.

"మొక్కు తప్పీసినాను మావా. అమ్మకి కోపం వస్తాదేమో."

"ఆవిడే నీ నోట్లో ఎట్టించింది. నేకపోతే ఇయ్యాల ఇది తేలీదా?"

ఆ మాట ఆమెకు నచ్చింది. ముఖం తుడుచుకుంది. "ఇకనించి ఉప్పుంటే ఉప్పుందను. బాగోకపోతే బాగోనేదను. వల సూరయ్యది, దాని సంగతి ఆడు సూసుకుంటాడు," అని తీర్మానించింది.

ఆ వారమంతా చేప పొలుసుతోనే వచ్చింది. తన స్నానం చెంబు తగ్గించుకుని ఎరుకమ్మ దాన్ని మంచినీళ్ళతో కడిగింది. డాక్టరు మళ్ళీ కాలు నొక్కి చూశాడు. గుంట పడింది గానీ చూస్తూండగానే పూడింది. "ఠీక్ హై, అభీ ఘర్ మే హీ రహో," అన్నాడు. ఇంటి దగ్గరే ఉండమన్నాడు. కిడ్నీలు బాగవలేదు, బాగవవు కూడా. అయినా ఆ మాట చాలనుకుంది ఎరుకమ్మ.

ఆ మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టింది. తనకూ ఒక ముక్క వేసుకుంది. గవరయ్య ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్ళీ నోరు తెరిచాడు.

"సప్పగుందే," అన్నాడు. "గడ్డి నమిల్నట్టుంది."

కాపురానికి వచ్చింది మొదలు ఆమె వంటకు అతను పెట్టిన మొదటి వంక అది. ఎరుకమ్మ కళ్ళు నిండిపోయాయి.

"ఇంకోపాలి సెప్పు మావా," అంది.